యాజమాన్యం పాత్ర

హెడ్డాఫీసు నుంచి ఆ సర్క్యులరు ఎప్పటిలా ఇంగ్లీషులోనే వచ్చి ఉంటే ఇంత గొడవ జరిగేది కాదు. ఇంగ్లీషు సర్క్యులర్లను ఆ మిల్లులో ఎవరూ చదివేవారు కాదు. అందినట్టు సంతకం పెట్టి, చిల్లు పొడిచి, ఫైల్లో గుచ్చేవారు. దానివల్ల ఎవరికీ ఏ హానీ ఉండేది కాదు. కానీ ఆ ఏడాది కొత్తగా వచ్చిన డైరెక్టరుగారికి కార్మికులతో కార్మికుల భాషలోనే మాట్లాడాలన్న సరదా పుట్టింది. ఆయనకు తెలుగు రాదు. అందుకని ఎక్కడో ఎవరిచేతో అనువాదం చేయించి పంపారు. పైన లావుపాటి అక్షరాలతో శీర్షిక ఇలా ఉంది: "భద్రతా సంస్కృతి నిర్మాణంలో యాజమాన్యం పాత్ర."

మిల్లుకు పెద్ద పేరేదో ఉంది గానీ ఊళ్ళో అందరూ గోనెసంచుల మిల్లనే అంటారు. ఒక గేటు నుంచి జనపనార లారీల్లో లోపలికి పోతుంది, ఇంకో గేటు నుంచి గోనెసంచులై బయటికి వస్తుంది. మధ్యలో ఏం జరుగుతుందో ఆఫీసు మేడమీద ఉన్నవాళ్ళకు అంత బాగా తెలియదు. తెలిసినవాళ్ళలో సేఫ్టీ ఆఫీసరు బెహరా మృత్యుంజయరావు ఒకడు. నలభై ఎనిమిదేళ్ళవాడు, నెమ్మదస్తుడు. మేడమీదికి ఎక్కేటప్పుడు చెప్పాలనుకున్న మాటల్లో సగం మెట్లమీదే మరిచిపోయేంత నెమ్మదస్తుడు.

సర్క్యులరు వచ్చిన రోజు పొద్దున్నే జనరల్ మేనేజరుగారి నుంచి కబురొచ్చింది. మృత్యుంజయరావు సంతోషించాడు. ఆర్నెల్లుగా చంకలో పెట్టుకుని తిరుగుతున్న ఫైలు కూడా పట్టుకెళ్ళాడు. ఆ ఫైలు పేరు "నాలుగో నంబరు మూత".

నారను దువ్వే మిషన్లు ఆ మిల్లులో నాలుగున్నాయి. ఇనుపముళ్ళ రోలర్లు తిరుగుతూ నారను దువ్వుతాయి. రోలర్లను తిప్పే పళ్ళచక్రాలు పక్కన బయటికే ఉంటాయి. వాటిమీద ఇనుప మూత ఉండాలి. నాలుగో నంబరు మిషనుకు ఉన్న మూత వేసవిలో తుప్పుపట్టి ఊడిపోయింది. కొత్తది కావాలని మృత్యుంజయరావు మూడుసార్లు ఇండెంటు పంపాడు. మొదటిసారి స్టోర్సు వారు "మూత లేనందువలన ఇంతవరకు ఏదైనా ప్రమాదము జరిగినదా? జరిగినచో వివరములు జతపరచగలరు" అని రాశారు. జరగలేదని రాశాడు. "ప్రమాదము జరగనందున మూత యొక్క ఆవశ్యకత నిరూపితము కాలేదు" అని రెండో జవాబు వచ్చింది. మూడో ఇండెంటుకు ఇంకా జవాబు రాలేదు. ఆ మిషను మీద పనిచేసే గున్నమ్మ మాత్రం రోజూ అతను షెడ్డులో కాలుపెట్టగానే, నమస్కారానికి బదులు, "బాబూ, మూత?" అనేది.

జనరల్ మేనేజరు సచ్చిదానందమూర్తిగారు కళాహృదయులు. కాలేజీ రోజుల్లో పద్యనాటకాల్లో కిరీటం పెట్టినవారు. మిల్లులో చేరాక ముప్ఫై ఏళ్ళుగా ఆ కిరీటం అటకమీదే ఉండిపోయిందన్న బాధ ఆయన ప్రతి ప్రసంగంలోనూ ఎక్కడో ఓచోట బయటపడేది.

"చదివారా?" అన్నారాయన సర్క్యులరు ఊపుతూ.

"చదివానండీ. మొదటి పేరాలోనే యంత్రాలకు మూతలూ అవీ..."

"పేరాలు తరవాత. శీర్షిక చూడండి. మాట మాటా విడదీసి చూడండి. సంస్కృతి అన్నారు. అంటే ఏమిటి?"

"అలవాటండీ. పనిచేసేచోట పెద్దా చిన్నా అందరూ జాగ్రత్తగా..."

"అలవాటంటే కాఫీ. సంస్కృతి అంటే సంగీతం, సాహిత్యం, నాటకం. పోనీ అదొక్కటే అంటే పాటల పోటీతో సరిపెట్టేవాణ్ణి. ఆ వెంటనే నిర్మాణం అన్నారు. ఆపైన ఏమన్నారు? 'యాజమాన్యం పాత్ర' అన్నారు! పాత్ర, మృత్యుంజయరావుగారూ! యాజమాన్యం ప్రేక్షకుల్లో కూర్చోవడానికి వీల్లేదు, వేదిక ఎక్కి తీరాలని హెడ్డాఫీసు స్పష్టంగా ఆదేశించింది. ఇంకేం రాయాలి వాళ్ళు? మొహానికి రంగు కూడా వేసి పంపాలా?"

మృత్యుంజయరావు ఫైలు విప్పబోయాడు. సచ్చిదానందమూర్తిగారు దానిమీద చెయ్యి వేసి మూసేశారు.

"వచ్చేనెల డైరెక్టరుగారు స్వయంగా వస్తున్నారు, ఇక్కడ యాజమాన్యం పాత్ర ఎలా ఉందో చూడటానికి. నాటకం పేరు 'భద్రతా సామ్రాజ్యం'. రచన నాది. దర్శకత్వం కూడా పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా నేనే."

ఆ సాయంత్రానికి సర్క్యులరు మీద సర్క్యులరు బయలుదేరింది. పాత్రల కేటాయింపు హోదాను అనుసరించి జరుగుతుందని, ఏ అధికారీ తన గ్రేడుకు మించిన పాత్ర కోరరాదని అందులో ఉంది. భద్రతా చక్రవర్తి జనరల్ మేనేజరుగారు. మంత్రులు, సేనాపతులు డిప్యూటీ మేనేజర్లు. చామరాలు వీచేవాళ్ళు సూపర్వైజర్లు. కార్మికులకు కూడా ఒక పాత్ర ఇచ్చారు. "హర్షధ్వానములు చేయు ప్రజలు."

చిక్కల్లా చక్రవర్తి చేతిలో ఓడిపోవలసిన ప్రమాదాసురుడి దగ్గర వచ్చింది. ఆ వేషం వేయడానికి అధికారులెవరూ ముందుకు రాలేదు. ఎవరికైనా ఇంక్రిమెంటు మీద ఆశ ఉంటుంది కదా.

"మీరే వెయ్యాలి," అన్నారు సచ్చిదానందమూర్తిగారు.

"నేను సేఫ్టీ ఆఫీసర్నండీ!"

"అదే చెబుతున్నాను. ఈ మిల్లులో ప్రమాదాలు ఎవరి శాఖ కిందికి వస్తాయి?"

ప్రమాదాల రిజిస్టరు మృత్యుంజయరావు బీరువాలోనే ఉంటుందన్న మాట నిజం. ఒప్పుకున్నాడు. టైలరు వచ్చి కొలతలు తీసుకున్నాడు. తలకు కొమ్ములు కట్టారు.

మొదటి రిహార్సల్లోనే ఇంకో చిక్కు. రెండో రంగంలో ప్రమాదాసురుడు వికటాట్టహాసంతో ప్రవేశించాలి. మృత్యుంజయరావు ఇంట్లో అద్దం ముందు నాలుగు రోజులు అట్టహాసం సాధన చేసి వచ్చాడు. ఒక్క అడుగు వేశాడో లేదో సచ్చిదానందమూర్తిగారు "ఆగండి!" అని కేకేశారు.

"ప్రమాదం వేదిక మీదికి వచ్చేస్తే ఇక మనం నివారించిందేమిటి? జరగకముందే నివారించాలన్నది మన సిద్ధాంతం. కాబట్టి మీరు ప్రవేశించకముందే ఓడిపోవాలి."

"మరి నేనెక్కడ ఉండాలండీ?"

"తెరపక్కన. పూర్తి వేషంతో. ఎప్పుడైనా రావచ్చన్న భయం ప్రేక్షకులకు ఉండాలి. మీరు మాత్రం రాకూడదు. నేను ఒక్కణ్ణే యుద్ధం చేస్తాను."

అలా మృత్యుంజయరావు రోజూ మూడు గంటలకు కొమ్ములు తగిలించుకుని, దువ్వే షెడ్డు గోడవారన మెయిన్ స్విచ్చి పెట్టె పక్కన నిలబడి, రాకుండా ఉండటం సాధన చేశాడు. సచ్చిదానందమూర్తిగారు ఖాళీ గాలిమీద కత్తి దూస్తూ చెమటలు కక్కారు. ప్రజలు హర్షధ్వానాలు చేశారు. చప్పట్లు తక్కువైన షిఫ్టుకు మరునాడు మళ్ళీ రిహార్సలు వేశారు.

నాటకానికి సామగ్రి కావాలి కదా. సంస్థకు అదనపు భారం పడకుండా ఉన్నవాటితోనే సర్దుకోవాలని తీర్మానించారు. కిరీటాలకు హెల్మెట్లు తీసుకుని బంగారు కాగితం అంటించారు. మంత్రుల పాదరక్షలకు షెడ్డులోని సేఫ్టీ బూట్లు వెళ్ళాయి. రాజసభలో మేఘాలు కావాలన్నారు. మంటలార్పే సిలిండర్లు రెండు ఖాళీ అయ్యాయి. ఉరుముల కోసం ఇసుక బకెట్లలో ఇసుక పారబోసి, వాటిని కర్రలతో బాదారు. ఫస్టెయిడ్ పెట్టెలో దూది, స్పిరిట్టు రంగు తుడుచుకోవడానికి పనికొచ్చాయి. ప్రతి వస్తువుకూ మృత్యుంజయరావే సంతకం పెట్టి ఇచ్చాడు. ఇచ్చే అధికారం అతనిదే మరి.

రెండో వారంలో డాళ్ళు కావాలన్నారు. అట్టతో చేస్తే చక్రవర్తి హోదాకు తగినట్టు లేదు. ఫిట్టరు తవిటేశును పిలిచి, ఒకటి, రెండు, మూడు నంబర్ల మిషన్ల మూతలు ఊడదీయించారు. గుండ్రంగా, బరువుగా, అచ్చం డాళ్ళలాగే ఉన్నాయవి. తవిటేశు బోల్టులు విప్పుతూ మృత్యుంజయరావు వైపు చూశాడు.

"ఏటి సార్, ఉన్న మూతలు కూడా ఇప్పీమంతన్నారు, నిజిమేనా?"

"నాటకం అయ్యేదాకానే తవిటేశూ," అన్నాడు మృత్యుంజయరావు. అది తన గొంతులాగే అనిపించలేదు అతనికి.

మర్నాడు షెడ్డులోకి వెళ్తే గున్నమ్మ "బాబూ, మూత?" అనలేదు. అది ఇంకా కష్టంగా తోచింది. నలభై ఏళ్ళు దాటిన మనిషి. కొంగు రెండుచుట్లు నడుముకు బిగించి, జడ పైకి ముడేసి, గంటకు ఎన్ని నారకట్టలు తోయాలో అన్నీ తోస్తుంది. ఆ రోజు ఆమె మిషనుకు కొత్త వేషం కనిపించింది. వెదురుబద్దలు వంచి, వాటిమీద గోనెపట్టా కుట్టి, పళ్ళచక్రాలకు అడ్డంగా తాళ్ళతో కట్టేసింది.

"ఎవరు చేశారిది?"

"నానే సేసినాను బాబూ. మీరు ఎట్టరు, నా సెయ్యి నానే సూసుకోవాలి గదా. నిన్న ఆ అప్పయమ్మ కొంగు రెండో నెంబర్లో పడబోనాది. నాను ఎనక్కి నాగీసినాను గాబట్టి సరిపోనాది."

మృత్యుంజయరావు ఆ గోనెపట్టా మూతను చేత్తో ముట్టుకుని చూశాడు. స్టోర్సు వాళ్ళు ఆర్నెల్లలో చేయలేని పని. బాగుంది అనబోయాడు. అంతలో రిహార్సలుకు వస్తున్న సచ్చిదానందమూర్తిగారి కళ్ళు దానిమీద పడ్డాయి.

"ఇదేమిటి?"

"మూతండి బాబూ," అంది గున్నమ్మ.

"ఎవరి అనుమతితో?"

గున్నమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. సాయంత్రానికి ఆమె చేతికి ఒక మెమో అందింది. "సదరు కార్మికురాలు సంస్థ ఆమోదము లేని అనధికార భద్రతకు పాల్పడినట్లు గమనించడమైనది. భద్రత అనునది యాజమాన్యము యొక్క పాత్ర అని సర్క్యులరు స్పష్టము చేయుచుండగా, కార్మికులు స్వయముగా భద్రత కల్పించుకొనుట యాజమాన్యపు పాత్రను అపహరించుటయే అగును. మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను." కింద జనరల్ మేనేజరుగారి సంతకం, దాని పక్కన సేఫ్టీ ఆఫీసరు సంతకం. గున్నమ్మకు చదవడం రాదు. మృత్యుంజయరావు చేతే చదివించుకుంది. విని, కాగితం మడిచి రొంటిన దోపుకుని, వెదురుబద్దలు తనే విప్పి అవతల పెట్టింది.

నాటకం ఎక్కడ వేయాలన్న చర్చ అట్టే సాగలేదు. "పని ప్రదేశంలో" అని సర్క్యులరులో ఉంది కాబట్టి దువ్వే షెడ్డులోనే వేదిక కట్టారు. వేదిక వెనక సరిగ్గా నాలుగో నంబరు మిషను.

"నాటకం జరిగినంతసేపూ అది తిరుగుతూనే ఉండాలి," అన్నారు సచ్చిదానందమూర్తిగారు. "ప్రమాదం కనబడకపోతే దేనినుంచి భద్రత?"

"దానికి మూత లేదండీ!" ఈసారి మృత్యుంజయరావు గొంతు కొంచెం పైకే లేచింది.

"అందుకే అది ఎంచుకున్నాను. మూత ఉంటే చక్రాలు కనబడవు. వచ్చినవాళ్ళకు ఏం చూపిస్తాం?"

ఆ తర్కంలో లోపం వెతకడం మృత్యుంజయరావు వల్ల కాలేదు. తెర లాగడానికి తాడు చాల్లేదన్నారు. మిషను మీద అడ్డంగా ఎర్రతాడు ఒకటి ఉంటుంది. ఏదైనా జరిగితే లాగగానే మిషను ఆగిపోతుంది. తాడు ఎర్రగా, గట్టిగా, చూడముచ్చటగా ఉందని దాన్ని విప్పి తెరకు కట్టేశారు.

డైరెక్టరుగారు వచ్చారు. మెడలో బంతిపూల దండ వేశారు. ముందువరసలో సోఫా వేశారు. పక్కనే ప్రజల వరస; గున్నమ్మ చప్పట్ల బాధ్యతతో మొదటి కుర్చీలో కూర్చుంది. మిషను దగ్గర ఎవరూ లేకుండానే మిషను తిరుగుతోంది.

తెర లేచింది. భద్రతా చక్రవర్తి ప్రవేశించారు. తలమీద బంగారు హెల్మెట్టు, చేతిలో రెండో నంబరు మూత, మెడ దగ్గర ముడివేసి భుజాల మీదుగా వెనక్కి నాలుగు గజాలు జీరాడే పట్టు ఉత్తరీయం. రాగం తీసి పద్యం అందుకున్నారు:

"శిరమున హెల్మెట్టు, చరణాల బూటులు,
కరముల గ్లౌజులు కలుగు నరుడు
యంత్రరాజము చెంత అడుగు పెట్టినయంత
ప్రమదమే గాని ప్రమాదమేది?"

ఛందస్సు సంగతి ఎవరూ అడగలేదు. అక్కడ నిజంగా మిషన్ల మీద పనిచేసే వాళ్ళెవరికీ అప్పుడు హెల్మెట్టు లేదు, బూట్లు లేవు, గ్లౌజులు లేవు. ప్రజలు హర్షధ్వానాలు చేశారు. వన్స్ మోర్ అని ఎవరో అన్నారు. అది ఎవరి డ్యూటీయో వాళ్ళే అన్నారు.

రెండో రంగంలో యుద్ధం. సచ్చిదానందమూర్తిగారు గాలిలో కత్తి తిప్పుతూ, అసురుణ్ణి వెనక్కి తరుముతూ, తనే వెనక్కి వెనక్కి అడుగులు వేశారు. "రారా దుర్మతీ! రాకురా దుర్మతీ!" అని గర్జించారు. వెనక జీరాడుతున్న ఉత్తరీయం కొస నెమ్మదిగా వేదిక అంచు దిగి పళ్ళచక్రాల దగ్గరికి చేరింది.

చక్రాలు దాన్ని అందుకున్నాయి.

గర్జన మధ్యలో ఆగిపోయింది. చక్రవర్తి మెడ వెనక్కి లాగినట్టయింది. డాలు చేతిలోంచి జారి దొర్లిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. నాటకంలో అప్పటిదాకా ఆయన అంత బాగా నటించలేదు కాబట్టి డైరెక్టరుగారు ముందుకు వంగి మరింత శ్రద్ధగా చూశారు.

మొదట లేచింది గున్నమ్మ. కుర్చీ తన్నుకుంటూ వేదిక ఎక్కి, ఇరవై ఏళ్ళ అలవాటుకొద్దీ ఎర్రతాడు పట్టుకుని బలంగా లాగింది. మిషను ఆగలేదు. తెర పడింది.

షెడ్డంతా చప్పట్లు మోగాయి. తెరవెనక చక్రవర్తి గొంతులోంచి వింత శబ్దం వస్తోంది. ఆ చప్పట్లలో అది ఎవరికి వినబడుతుంది? తెరపక్కన నిలబడ్డ మృత్యుంజయరావుకు మాత్రం వినబడింది. రాకూడదన్న ఆజ్ఞ ఒక్క క్షణం కాళ్ళను పట్టుకుంది. నిజానికి ఆ క్షణం గురించే అతను తరవాత చాలాసార్లు తలుచుకుని సిగ్గుపడ్డాడు. ఆ పైన గోడవైపు తిరిగి మెయిన్ స్విచ్చి హ్యాండిల్ కిందికి గుంజేశాడు. అప్పటికే గున్నమ్మ నడుముకున్న నారకోసే కత్తి తీసి, మెడకూ చక్రానికీ మధ్య బిగిసిన పట్టును ఒక్క కోత కోసింది. సచ్చిదానందమూర్తిగారు ముందుకు బోర్లాపడ్డారు. హెల్మెట్టు దొర్లి, ఆగబోతున్న చక్రాల మధ్య పడి, కరకరమని నలిగింది.

ఎవరో తెర మళ్ళీ లేపారు. కనబడిన దృశ్యం ఇది: చక్రవర్తి నేలమీద మోకాళ్ళపై ఉన్నాడు. ఒకపక్క కత్తి పట్టుకుని ఒక స్త్రీమూర్తి. ఇంకోపక్క కొమ్ములతో, వణుకుతూ ఒక అసురుడు.

డైరెక్టరుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టాక అందరూ కొట్టారు. సచ్చిదానందమూర్తిగారికి ముందు ఊపిరి వచ్చింది, తరవాత చప్పట్లు వినబడ్డాయి. మెల్లగా లేచి, చేతులు జోడించి, మూడువైపులా వంగి నమస్కరించారు.

డైరెక్టరుగారు ఇంగ్లీషులో మాట్లాడారు. సచ్చిదానందమూర్తిగారు బొంగురుపోయిన గొంతుతో దాన్ని తెలుగు చేశారు. "ఆఖరి దృశ్యం అపూర్వం అంటున్నారు. ప్రమాదాన్ని ఇంత కళ్ళకు కట్టినట్టు ఎక్కడా చూడలేదంటున్నారు. యాజమాన్యం తన పాత్రలో మెడదాకా మునిగిందంటున్నారు."

ఆ సాయంత్రం ప్రమాదాల రిజిస్టరు మృత్యుంజయరావు ముందుకు వచ్చింది. "ఏం రాయమంటారండీ?" అని సచ్చిదానందమూర్తిగారిని ఫోనులో అడిగాడు.

"నాటకంలో భాగం అని రాయండి. నాటకంలో జరిగినవి లెక్కలోకి రావు. నెల మొత్తం మీద ప్రమాదాలు శూన్యం."

రాశాడు. సంతకం పెట్టాడు. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. భార్య అడిగితే గొంతు నొప్పి అని చెప్పాడు. నొప్పి ఎవరి గొంతుకో చెప్పలేదు.

అంతటితో అయిపోయినా బాగుండేది. వారం తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. 'భద్రతా సామ్రాజ్యం' నాటకాన్ని సంస్థకు చెందిన మిల్లులన్నిటిలోనూ ఆడాలి. ఆఖరి ఉత్తరీయం దృశ్యాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తొలగించరాదు. ముందుగా వచ్చే శుక్రవారం చైర్మనుగారి ఎదుట ప్రదర్శించాలి. మూతల ప్రస్తావన కూడా ఉంది. యంత్రాలకు మూతలు అమర్చినట్లయితే దృశ్యపు సహజత్వం దెబ్బతింటుంది కనుక తదుపరి ఉత్తర్వుల వరకు ఆ పని నిలుపుదల చేయాలి.

సచ్చిదానందమూర్తిగారు మెడకు మఫ్లరు చుట్టుకుని సమావేశం పెట్టారు.

"నేను మళ్ళీ ఆ దృశ్యం చేయడానికి సిద్ధమే. కానీ జనరల్ మేనేజరు ప్రాణం సంస్థ ఆస్తి అని డిప్యూటీలు అభ్యంతరం చెబుతున్నారు. నేను కాదనలేకపోతున్నాను. కాబట్టి ఆ ఒక్క దృశ్యంలో నా వేషంతో మరొకరు ఉంటారు. యంత్రం గురించి బాగా తెలిసినవారైతే మంచిది." ఆయన కాగితం చూసి చదివారు. "నాలుగో నంబరు గున్నమ్మ. ఆమె సంజాయిషీ కూడా ఇంకా రాలేదు. ఇది చేస్తే మెమో రద్దు చేద్దాం. మృత్యుంజయరావుగారూ, మీరు ఆమెకు తెలియజేసి, ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నట్టు వేలిముద్ర తీసుకోండి."

షెడ్డులోకి వెళ్ళేసరికి గున్నమ్మ నారకట్ట విప్పుతోంది. చుట్టూ నాలుగు మిషన్లూ మూతల్లేకుండా తిరుగుతున్నాయి. మృత్యుంజయరావు కాగితం చదివాడు. చదివినంతసేపూ ఆమె మొహం చూడలేదు.

"అంటే నానేటి సెయ్యాలంటారు?"

"ఉత్తరీయం కప్పుకుని... ఆ చివర..."

"సక్రంలో ఎట్టాలా?"

అతను కాగితం మడతపెట్టాడు.

గున్నమ్మకు కోపం రాలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ఆయేల ఆయన మెడకాడ కోసీసింది నాను గదా బాబూ. మరి నా మెడకాడ కోసీదెవులు?"

కాగితం కింద వేలిముద్ర కోసం సిరాదిండు పెట్టె పట్టుకుని ఉన్నాడు మృత్యుంజయరావు. దాని మూత పెట్టేశాడు. కాగితం జేబులో పెట్టుకుని తన గదికి వెళ్ళి, బీరువాలో అడుగున ఉన్న తన నియామక పత్రం తీశాడు. పదిహేనేళ్ళనాటిది. ఏడో పేరా అతనికి కంఠతా వచ్చు. వచ్చినా ఒకసారి చదువుకున్నాడు. ప్రాణాపాయం ఉందని భావించినప్పుడు సేఫ్టీ ఆఫీసరు ఏ యంత్రాన్నైనా నిలిపివేయవచ్చు.

షెడ్డుకు తిరిగి వచ్చి, స్విచ్చి కిందికి లాగి, పెట్టె తలుపు తీసి, నాలుగు మిషన్ల ఫ్యూజులూ ఒక్కొక్కటే పీకాడు. పీకినవన్నీ చొక్కా జేబులో వేసుకుని, ఒక కుర్చీ లాక్కుని స్విచ్చి పెట్టెకు అడ్డంగా కూర్చున్నాడు.

దువ్వడం ఆగితే నూలు ఆగుతుంది. నూలు ఆగితే మగ్గాలు ఆగుతాయి. గంటలో మిల్లంతా నిశ్శబ్దమైపోయింది. మేడమీద కిటికీలు ఒకటొకటే తెరుచుకున్నాయి. అంత నిశ్శబ్దం వాళ్ళెప్పుడూ వినలేదు. సచ్చిదానందమూర్తిగారు మఫ్లరుతో సహా పరుగున దిగి వచ్చారు.

"ఏ అధికారంతో ఆపారు?"

"ఏడో పేరా అండీ."

"అది అందరికీ ఉంటుంది! అలంకారం కోసం పెడతారు! దాన్ని వాడిన వాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఇంతవరకు లేరండీ. మూతలు పెట్టించండి, ఇచ్చేస్తాను."

"చైర్మనుగారు వస్తున్నారయ్యా!"

"రానివ్వండి. మూతలున్న మిషన్లు చూస్తారు."

"మీకిది ఎంతదూరం వెళుతుందో తెలుసా?"

తెలుసని మృత్యుంజయరావు తలూపాడు. చెప్పాలనుకున్నవి ఆ రోజు ఒక్కటీ మరిచిపోలేదు. చుట్టూ కార్మికులు మూగారు. ఈసారి ఎవరూ హర్షధ్వానాలు చేయలేదు. కదలకుండా నిలబడ్డారంతే. సచ్చిదానందమూర్తిగారు వాళ్ళనూ, ఆగిన మిషన్లనూ, కుర్చీలో కూర్చున్న మనిషినీ మార్చి మార్చి చూసి, చివరికి తవిటేశు కోసం కేకేశారు.

మూడు డాళ్ళూ మళ్ళీ మూతలవడానికి ముప్పావుగంట పట్టింది. నాలుగోది తవిటేశు పాతరేకు కోసి, వంచి, బోల్టులు బిగించి రెండుగంటల్లో తయారు చేశాడు. ఎవరూ ఇండెంటు అడగలేదు.

ఆ తరవాత సంగతులు మామూలుగానే జరిగాయి. సచ్చిదానందమూర్తిగారిని హెడ్డాఫీసులో భద్రతా సంస్కృతి సలహాదారుగా ప్రమోషను మీద తీసుకున్నారు. "సేఫ్టీ ఆఫీసరు హోదాలో ఉండియు యంత్రములను నిలిపివేసి ఉత్పత్తికి విఘాతము కలిగించినందులకు" మృత్యుంజయరావుకు మెమో వచ్చింది. దాని మీద విచారణ ఇంకా నడుస్తూనే ఉంది. అతను సంజాయిషీలో ప్రమాదాల రిజిస్టరులో తను రాసింది అబద్ధమని, మూత లేదని ఆర్నెల్లుగా తెలిసీ ఆపలేదని కూడా రాసి సంతకం పెట్టాడు. ఆ సంజాయిషీ చదివిన అధికారులకు దాన్ని ఏ ఫైల్లో గుచ్చాలో తెలియలేదట.

ఆ రోజు మాత్రం పొద్దు వాలకముందే నాలుగో మూత బిగిసింది. మృత్యుంజయరావు లేచి, జేబులోంచి ఫ్యూజులు తీసి ఒక్కొక్కటే మళ్ళీ పెట్టసాగాడు. గున్నమ్మ పక్కన నిలబడి చూస్తోంది. ఒకటి చేతిలోకి తీసుకుని అటూఇటూ తిప్పింది. అరచేతిలో ఇమిడిపోయే పింగాణీ ముక్క.

"ఇదేనా బాబూ? ఇది తీసీసినారంటే మిషినీ ఆగిపోతాదా?"

"ఆగిపోతుంది."

"మరి ఇన్నాళ్ళూ మీ జేబులో పట్టలేదేటి?"

మృత్యుంజయరావు చివరి ఫ్యూజు ఆమె చేతిలోంచి తీసుకుని పెట్టి, స్విచ్చి పైకి వేసి, పక్కకు జరిగాడు. గున్నమ్మ వెంటనే మిషను దగ్గరికి పోలేదు. కొత్త మూతను రెండు చేతులతో పట్టుకుని బలంకొద్దీ ఊపి చూసింది. కదల్లేదు. ఇంకోసారి ఊపింది. అప్పుడు వెళ్ళి మిషను వేసింది.